పీపీఈ: మూడు సబ్జెక్టులు కలిపి చదివితే ఏదీ లోతుగా రాదా?

చదువరి_బెజవాడ:
మా అక్క కూతురు ప్లస్ టూలో ఉంది. మ్యాథ్స్, ఎకనామిక్స్ రెండూ బాగా చేస్తుంది. ఆక్స్‌ఫర్డ్‌లో పీపీఈకి అప్లై చేస్తానంటోంది, అంటే రాజనీతి, తత్వశాస్త్రం, అర్థశాస్త్రం కలిపి మూడేళ్ల డిగ్రీ. మన దేశంలో అశోకా యూనివర్సిటీలో కూడా ఇదే కాంబినేషన్ ఉందట. మా బావగారేమో ఏదో ఒకటి గట్టిగా చదువు, మూడూ అరకొరగా ఎందుకు అంటున్నారు. ఖర్చు సంగతి మేం చూసుకుంటాం, చదువు గురించి మీ అభిప్రాయం చెప్పండి.

గోదారి_గట్టు:
మీ బావగారి మాటే వినండి. బ్రిటన్‌లో విల్సన్, హీత్, కామెరాన్, ట్రస్, సునాక్, ఐదుగురు ప్రధానులు ఈ డిగ్రీ చదివినవాళ్లే. ఆర్థిక మంత్రి అయిన రేచల్ రీవ్స్ కూడా అంతే. పార్టీలు వేరు, చదువు ఒకటే. ఫలితం ఏమిటి? 2022 సెప్టెంబర్ 23న ట్రస్ ప్రభుత్వం మినీ బడ్జెట్ పెట్టింది, దాదాపు 4,500 కోట్ల పౌండ్ల పన్ను కోతలు, ఆ డబ్బు ఎక్కడినుంచి వస్తుందో చెప్పలేదు. పౌండ్ పడిపోయింది, పెన్షన్ ఫండ్లు ఇబ్బందుల్లో పడితే బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ దిగి ప్రభుత్వ బాండ్లు కొనాల్సి వచ్చింది, ఆమె పదవి 49 రోజులకే పోయింది. అన్నిటి గురించీ ధీమాగా మాట్లాడటం వస్తుంది, ఏదీ పూర్తిగా తెలియదు, ఈ కోర్సు తయారు చేసేది అలాంటివాళ్లనే.

తర్కం_కావాలి:
గోదారి గారూ, మీరు చెప్పినవన్నీ జరిగినవే, కానీ వాటినుంచి మీరు తేల్చిన మాట నిలవదు. ఆ బడ్జెట్ పెట్టిన ఆర్థిక మంత్రి క్వార్టెంగ్ పీపీఈ చదవలేదు, ఆయనది కేంబ్రిడ్జ్, ఆర్థిక చరిత్రలో పీహెచ్‌డీ, అంటే మీరు కోరుకునే లోతు ఉన్నవాడే. అదే ఏడాది వేసవిలో, ట్రస్‌తో పార్టీ నాయకత్వ పోటీ జరుగుతున్నప్పుడు, ధరలు ఇలా పెరుగుతుంటే అప్పు చేసి పన్నులు తగ్గించడం ప్రమాదమని చెప్పిన సునాక్‌ది మళ్లీ పీపీఈయే. ఒకే డిగ్రీ చదివిన ఇద్దరు ఒకే ప్రశ్నకి ఎదురెదురు జవాబులు చెప్పారు కదా, మరి తప్పు డిగ్రీది ఎలా అవుతుంది?

అసలు ఆ బడ్జెట్ ఎందుకు కూలిందో చూడండి. లెక్కలు సరిచూసే స్వతంత్ర సంస్థ ఒకటి అక్కడ ఉంది, దాని అంచనా లేకుండానే బడ్జెట్ బయటపెట్టారు, మార్కెట్‌కి నమ్మకం పోయింది. ప్రభుత్వం ఎవరికి జవాబు చెప్పాలి అన్నది రాజనీతి ప్రశ్న. వడ్డీ పెరిగితే ఆ భారం ఇంటి లోన్ కట్టేవాడి మీద పడటం న్యాయమా అన్నది నీతి ప్రశ్న. ఎకనామిక్స్ ఒక్కటే చదివినవాడికి ఈ రెండూ సిలబస్ బయట ఉంటాయి. 1920లో ఆక్స్‌ఫర్డ్ ఈ కోర్సు తెచ్చింది కూడా ఇందుకే, గ్రీకు, లాటిన్ చదివి పాలనలోకి వెళ్లే పాత పద్ధతి కొత్త కాలానికి చాలదని.

నా అభ్యంతరం వేరే ఉంది. మొదటి ఏడాది మూడూ తప్పనిసరి, తత్వశాస్త్రంలో తర్కం కూడా నేర్పుతారు. కానీ 1970 నుంచి రెండో ఏడాదిలో ఒకటి వదిలేయొచ్చు, చాలామంది వదిలేస్తారు. తత్వశాస్త్రం వదిలేస్తే కలిపి చదవడంలో అర్థం సగం పోతుందని నేను గట్టిగా నమ్ముతాను. "ఇది చేస్తే వృద్ధి వస్తుంది" అని ఒక సబ్జెక్టు చెబుతుంది, "ఇది చేస్తే ఓట్లు వస్తాయి" అని ఇంకోటి చెబుతుంది, "అసలు చేయొచ్చా" అని అడిగేది మూడోదే.

హెచ్ఈపీ_బ్యాచ్:
మన దగ్గర ఇది కొత్తేం కాదు కదా అన్నా. డిగ్రీలో హిస్టరీ, ఎకనామిక్స్, పొలిటికల్ సైన్స్ కలిపి చదివినవాళ్లం వేలల్లో ఉన్నాం. మూడు సబ్జెక్టుల వల్ల మాకు ప్రత్యేకంగా ఒరిగిందేమీ లేదు. ఆంధ్రలో 2023లో ఒకే మేజర్ (ఒకే ముఖ్య సబ్జెక్టు) పద్ధతి తెచ్చారు కూడా.

తర్కం_కావాలి:
తమ్ముడూ, మీకు మూడు సబ్జెక్టులు చెప్పారు గానీ మూడింటినీ కలిపి ఒక్క ప్రశ్న అడిగారా? ఎవరి సిలబస్ వాళ్లది, ఎవరి పేపర్ వాళ్లది. అమరావతి భూసమీకరణే తీసుకో. 33 వేల ఎకరాలకు పైగా భూమి, ఇచ్చిన రైతుకి ఏటా కౌలు, అభివృద్ధి చేసిన ప్లాట్లు. భూమిలేని కూలీ కుటుంబానికి నెలకి 2,500 రూపాయల పెన్షన్‌తో మొదలుపెట్టారు. లాభం ఎంత, ఎవరికి, రాజధాని మారుస్తామని తర్వాతి ప్రభుత్వం అంటే ఒప్పందానికి విలువేంటి, పక్కవాళ్లంతా ఇచ్చేశాక చివర్లో సంతకం పెట్టిన రైతుది నిజంగా స్వచ్ఛందమేనా? ఇవన్నీ ఒకే గదిలో, ఒకే పిల్లకి, ఒకే వారంలో ఎదురవ్వాలి. ఆక్స్‌ఫర్డ్‌లో ఇద్దరు ముగ్గురు విద్యార్థుల్ని కూర్చోబెట్టుకుని, వాళ్లు రాసిన వ్యాసం మీద ట్యూటర్ నిలదీస్తారు చూడు, అందులో దీనికి చోటుంది. అరవై మంది క్లాసులో నోట్స్ చెప్పి రాయిస్తే ఆ మూడూ ఎప్పటికీ కలవవు.

గోదారి_గట్టు:
మీ వాదన బాగుంది, కానీ రేపు ఆ అమ్మాయి ఎంఏ ఎకనామిక్స్‌కి వెళ్లాలంటే? అక్కడ అడిగేది మ్యాథ్స్. నేనింకా ఒప్పుకోను.

తర్కం_కావాలి:
అది సరైన భయమే. ఎకనామిక్స్‌లో పైచదువు ఖాయమనుకుంటే గణాంకాలు, ఎకనామెట్రిక్స్ (గణాంకాలతో ఆర్థిక విషయాలు పరీక్షించే పద్ధతి) పేపర్లు వదలకూడదు, అవసరమైతే రాజనీతి తగ్గించుకోవాలి. చదువరి గారూ, మీ అక్కగారి అమ్మాయిని ఒకటే అడగండి: వార్త చదవగానే తనకి ముందు వచ్చే ప్రశ్న "ఇది ఎలా పనిచేస్తుంది" అనా, "ఇది సబబేనా" అనా? మొదటిది మాత్రమే అయితే ఎకనామిక్స్ ఒక్కటే తీసుకోమనండి. రెండూ వస్తుంటే పీపీఈకి అప్లై చేయనివ్వండి, బావగారికి నేను చెప్పిన క్వార్టెంగ్ సంగతి చెప్పండి.

చదువరి_బెజవాడ:
రెండోదే ఎక్కువండీ, ఇంట్లో అందరితో గొడవ దానిమీదే. బావగారికి ఈ చర్చ చూపిస్తాను.