ప్రైమరీలో లూగర్ ఓటమి నవంబరులో ఎంత నష్టం చేసిందో లెక్కకట్టడం ఎలా?

2012 మేలో అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో రిపబ్లికన్ ప్రైమరీలో (పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికలో), ఆరుసార్లు సెనేటర్‌గా గెలిచిన రిచర్డ్ లూగర్‌ని రిచర్డ్ మర్డాక్ ఓడించాడు. నవంబరులో జరిగిన అసలు సెనేట్ ఎన్నికలో మర్డాక్ డెమొక్రాట్ జో డానెలీ చేతిలో ఓడిపోయాడు. ఇందులో ప్రైమరీ దెబ్బ ఎంత, అత్యాచారం వల్ల వచ్చే గర్భం గురించి అక్టోబరు డిబేట్‌లో మర్డాక్ అన్న మాటల దెబ్బ ఎంత?

రాష్ట్రంలోని 92 కౌంటీల్లోనూ (జిల్లాల్లాంటివి) అదే ఏడాది రిపబ్లికన్ అధ్యక్ష అభ్యర్థి రోమ్నీ శాతంలోంచి మర్డాక్ శాతం తీసేసి, ఆ తేడాని ప్రైమరీలో లూగర్‌కి వచ్చిన శాతంతో పోల్చాలని ఆలోచన. చిక్కంతా కొలబద్ద దగ్గరే. రాష్ట్రం మొత్తంలో రోమ్నీకి 54 శాతం, గవర్నర్‌గా గెలిచిన రిపబ్లికన్ పెన్స్‌కి 49.5, మర్డాక్‌కి 44. రోమ్నీతో కొలిస్తే లోటు 10 పాయింట్లు, పెన్స్‌తో అయితే అందులో సగమే! పెన్స్ వైపే నా మొగ్గు, ఎందుకంటే గవర్నర్, సెనేట్ పోటీలు రెండింట్లోనూ మూడో పార్టీ అయిన లిబర్టేరియన్లు చెప్పుకోదగ్గ ఓట్లు చీల్చారు. లూగర్ అంతకుముందు గెలిచిన 2006 ఎన్నికతో పోల్చలేం, అప్పుడు లూగర్ మీద డెమొక్రాట్లు అభ్యర్థినే నిలపలేదు.

ఇండియానాలో ఓటరు నమోదులో పార్టీ పేరు ఉండదు, అందుకే ఎవరు ఏ పార్టీవారో జాబితా చూసి చెప్పలేం. కాబట్టి ప్రైమరీలో లూగర్‌కి పడ్డ డెమొక్రాట్ల ఓట్లని ఎలా వడకట్టాలి? డిబేట్‌కి ముందే పడిన ఓట్లని విడిగా చూపించే కౌంటీలేమైనా ఉన్నాయా? తెలిసినవారు దయచేసి చెప్పండి.