బాబాయి వాళ్ళతో పొలం గెనిమ (గట్టు) తగాదా, రీసర్వేలో ఇద్దరికీ ఒకే ఎల్‌పీఎం (భూమి ముక్క మ్యాపు, దాని నంబరు) వచ్చింది. ఏం చేయాలి?

కావలి_రైతుబిడ్డ
అందరికీ నమస్కారం. మాది కావలి పక్క పల్లె. చెరువు కింద తాతకు 4 ఎకరాల 20 సెంట్ల మాగాణి ఉండేది, ఆయన సొంతంగా కొన్నది, అంతా ఒకే సర్వే నంబరు. తాత 1998లో పోయాడు. తర్వాత పెద్దమనుషులు కూర్చుని మా నాయనకూ బాబాయికీ చెరిసగం పంచి తెల్లకాగితం మీద పారీఖత్తు (పంపకం కాగితం) రాయించారు, రిజిస్ట్రేషన్ చేయించలేదు. మధ్యలో గెనిమ వేసుకుని ఎవరిది వాళ్ళు చేసుకున్నారు, నాయన ఉన్నన్నాళ్ళూ ఒక్క మాట రాలేదు.

నాయన పోయాక నేను చెన్నైలో ఉద్యోగంలో ఉండబట్టి కౌలుకిచ్చాం. అప్పట్నుంచి ఏటా దమ్ము చేసేటప్పుడు బాబాయి కొడుకు గెనిమను మా వైపు చెక్కుకుంటూ వస్తున్నాడని కౌలుదారు చెప్తున్నాడు. రీసర్వేకి నోటీసు అమ్మ చేతికిచ్చారట, ఆమెకు చదువు రాదు. ఇప్పుడు చూస్తే రెండు వాటాలూ కలిపి ఒకే ఎల్‌పీఎం, వన్‌బీలో (ఎవరికి ఎంత భూమి ఉందో చూపే రెవెన్యూ రికార్డులో) మాకు 2.02 ఎకరాలు, వాళ్ళకు 2.18. అడిగితే గవర్నమెంటు కొలిచింది నన్నడిగితే ఏం లాభం అంటున్నాడు. మొన్న నాట్లప్పుడు పార ఎత్తుకునేదాకా వచ్చింది, అమ్మకు రాత్రిళ్ళు నిద్ర లేదు.

కేసు వేయాలా, సర్వేయర్‌ని పిలిపించి కొలిపిస్తే తేలిపోతుందా? బాబాయితో తెగదెంపులు చేసుకోవడం నాకు ఇష్టం లేదు, నన్ను సైకిల్ మీద హైస్కూలుకి తీసుకెళ్ళింది ఆయనే.

కోవూరు_గొలుసు
తమ్ముడూ, నేను ప్రైవేటుగా సర్వే పనులు చేస్తుంటా. ముందు ఒక సంగతి అర్థం చేసుకో. జాయింట్ ఎల్‌పీఎం అంటే మ్యాపులో మీ ఇద్దరి మధ్య గీతే లేదు. బయటి నాలుగు హద్దులే ఉన్నాయి. కాబట్టి ఆ 2.02, 2.18 అంకెలు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతాయో నేల మీద చూపించగలిగినవాడు లేడు, మీ బాబాయి కొడుకు కూడా చూపించలేడు. గవర్నమెంటు కొలిచింది అన్న మాటకి అంత టెన్షన్ పడొద్దు.

ఎఫ్-లైన్‌కి, అంటే హద్దులు కొలిచి చూపించమని, సచివాలయంలో అర్జీ పెట్టుకోవచ్చు, చుట్టుపక్కల రైతులకు నోటీసులిచ్చి వచ్చి కొలుస్తారు. కాని పాత ఎఫ్ఎంబీలో (సర్వే కొలతల పుస్తకంలో) కూడా మీ పంపకం ఎక్కి ఉండదు కదా, సబ్ డివిజన్ చేయించి సర్వే నంబరు విడగొట్టించుకోలేదు మీరు. అందువల్ల సర్వేయర్ వచ్చినా బయటి హద్దులు చూపించి, లోపల మీరిద్దరూ ఒప్పుకున్నచోట రాయి వేయమంటాడు. ఒప్పుకోకపోతే వెళ్ళిపోతాడు. మన వైపు చెరువుల కింద సగం తగాదాలు ఇలా ఉన్నవే. పంపకం నోటితో అయిపోయింది, కాగితం తాత పేరు మీదే ఆగిపోయింది, రీసర్వే వచ్చి అదంతా ఒక్కసారి బయటపెట్టింది.

నాట్లు పడ్డాక కొలతకి పిలవొద్దు, బురదలో ఎవరూ సరిగా కొలవరు. కోత అయ్యి ఎడగారుకు (తర్వాతి పంటకు) దుక్కి పట్టేలోపు పెట్టుకో. ఈలోపు గెనిమ మీద ఏ చెట్టు ఉన్నా, పాత రాయి ఉన్నా ఫోన్‌లో ఫొటోలు తీసి పెట్టుకో, కౌలుదారుకి చెప్పు దాన్ని ముట్టుకోవద్దని.

ఒంగోలు_ప్లీడర్
పైన అన్న చెప్పింది కరెక్టు. కోర్టు వైపు నుంచి నేను చెప్తా. వన్‌బీ, అడంగల్ (సాగు రికార్డు), పాస్‌బుక్ ఇవేవీ హక్కు పుట్టించవు, అవి రెవెన్యూ వాళ్ళ లెక్క. అందులో నీకు 8 సెంట్లు తగ్గినంత మాత్రాన నీ భూమి పోయినట్టు కాదు. ఆ ఎంట్రీ తప్పనిపిస్తే తహసీల్దార్‌కి అర్జీ, అక్కడ నీకు వ్యతిరేకంగా వస్తే ఆర్డీఓ దగ్గర అప్పీలు ఉంది, కానీ అప్పీలుకి గడువు ఉంటుంది కాబట్టి ఆర్డర్ కాపీ చేతికి రాగానే కదలాలి.

గెనిమ జరపకుండా ఆపమని ఇంజంక్షన్ దావా వేస్తే, అడ్వొకేట్ కమిషనర్‌ని (కోర్టు తరఫున వచ్చే లాయర్‌ని) వేయమని అడుగుతాం, ఆయన సర్వేయర్‌తో వచ్చి కొలిచి రిపోర్టు ఇస్తాడు, దానికి వాళ్ళు అభ్యంతరాలు వేస్తారు, అలా ఏళ్ళు నడుస్తుంది. నా దగ్గరికొచ్చే గెనిమ కేసుల్లో చాలావాటిలో తగాదా పడిన నేల విలువ కన్నా రెండు వైపులా కలిపి పెట్టిన ఖర్చే ఎక్కువ. ఇది నా వృత్తి, అయినా చెప్తున్నా, నీకు ఇప్పుడే దావా అక్కర్లేదు. మీ మండల లీగల్ సర్వీసెస్ కమిటీకి ఒక అర్జీ ఇవ్వు, దావా వేయకముందే ఇద్దరినీ పిలిపిస్తారు, ఫీజు ఉండదు. అక్కడ రాజీ కుదిరి లోక్ అదాలత్‌లో అవార్డు ఇస్తే అది సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు కూడా లేదు.

ఆ పారీఖత్తు కాగితం జాగ్రత్త. రిజిస్టర్ కాకపోయినా ఎవరు ఏ వైపు సాగు చేస్తున్నారో చూపించడానికి స్టాంపు డ్యూటీ, పెనాల్టీ కట్టించుకుని కోర్టులు చూస్తాయి. ఒరిజినల్ ఎవరి దగ్గర ఉంది?

ఆత్మకూరు_సుబ్బి
మీరంతా గెనిమ గురించే మాట్లాడుతున్నారు. తాతకి ఇద్దరు కొడుకులేనా? ఆడపిల్లలు లేరా?

కావలి_రైతుబిడ్డ
పారీఖత్తు అమ్మ ట్రంకుపెట్టెలో ఉందండీ. మేనత్త ఉంది అక్కా, ఒక్కతే, ఇందుకూరుపేట వైపు ఇచ్చారు. ఆమె ఎప్పుడూ ఏమీ అడగలేదు. పెళ్ళికి కట్నం ఇచ్చేశారు కదా అని పంపకంలో పిలవలేదట. నానమ్మ కూడా తాతకన్నా ముందే పోయింది.

ఆత్మకూరు_సుబ్బి
అడగలేదంటే లేదని కాదు నాయనా. తాత సొంతంగా కొన్న భూమి, వీలునామా రాయకుండా పోయాడు, అప్పుడు 1956 వారసత్వ చట్టం ప్రకారమే కొడుకులతో సమానంగా కూతురికీ వాటా. దీనికి పిత్రార్జితంలో కూతుళ్ళకూ సమాన హక్కు ఇస్తూ 2005లో వచ్చిన మార్పు కూడా అక్కర్లేదు. అంటే మూడు వాటాలు, తలా ఎకరా 40 సెంట్లు. మీ నాయనా బాబాయీ పంచుకున్న 2.10లో చెరొక 70 సెంట్లు అత్తదే. నువ్వు బాబాయితో 8 సెంట్ల కోసం పోట్లాడుతున్నావు.

నాకు కోపం వచ్చి రాస్తున్నా అనుకోవద్దు, వచ్చింది నిజమే. మా ఇంట్లోనూ ఇదే జరిగింది. కట్నం ఇచ్చాం కదా అన్నారు, ఆ కట్నం అమ్మ నగలు అమ్మి ఇచ్చింది, పొలంలోంచి ఒక్క సెంటు కదలలేదు. నేను అడిగిన రోజు నుంచి పుట్టింట్లో నాకు పలకరింపు తగ్గింది. మీ అత్త అందుకే అడగలేదేమో. రేపు మీరిద్దరూ కోర్టుకెక్కి మీ వాటాలు తేల్చమంటే జడ్జి మొదట అడిగేది వారసులందరూ ఎవరని, అప్పుడు అత్తని పార్టీగా చేర్చాల్సిందే. అప్పుడు నోటీసుగా వెళ్ళేకంటే ఇప్పుడు నువ్వు మనిషిగా వెళ్ళు.

ఒంగోలు_ప్లీడర్
సుబ్బి గారు చెప్పింది నిజం, నేను అడగాల్సింది. ఆమె వాటా వదులుకుంటానన్నా సరే నోటిమాట చాలదు, రిజిస్టర్ అయిన విడుదల దస్తావేజు కావాలి, అదీ ఎవరూ ఒత్తిడి పెట్టకుండా. తీసుకుంటానంటే ముగ్గురి వైపు నుంచి భాగ పరిష్కార దస్తావేజు (రిజిస్టర్ చేసిన పంపకం కాగితం), సర్వేయర్ వేసిన ప్లాన్ జత చేసి. అది ఉంటే ఎల్‌పీఎం విడగొట్టమని అడగడం తేలిక.

కోవూరు_గొలుసు
మూడు వాటాలైతే ఇప్పుడున్న గెనిమే మారిపోతుంది, అది కూడా ఆలోచించుకో. కాలవ నీళ్ళు ఏ వైపు నుంచి వస్తాయి? చివర వాటా ఎవరికి పడితే వాళ్ళకి నీటి దారి దస్తావేజులో రాయించాలి, లేకపోతే తగాదా మళ్ళీ మొదలవుతుంది.

కావలి_రైతుబిడ్డ
నీళ్ళు బాబాయి వైపు నుంచే వస్తాయి అన్నా. అమ్మతో ఇప్పుడే మాట్లాడా. అత్తకి చెప్పకుండా ఏదీ చేయొద్దని ఆమే అంటోంది. ఆదివారం ఇందుకూరుపేట వెళ్తున్నా, బాబాయిని కూడా రమ్మని అడుగుతా. ఆయన రానంటే ఒక్కణ్ణే వెళ్ళొచ్చా, లేక ఆయన ఒప్పుకునేదాకా ఆగాలా?

ఆత్మకూరు_సుబ్బి
ఆగొద్దు. వెళ్ళు. పారీఖత్తు జిరాక్స్ తీసుకెళ్ళు, ఆమెకు చదివి వినిపించు.