ఈజిప్టు యాత్రలో బస, భోజనం, బార్లు: కువైట్‌కు కొత్తగా వచ్చిన మిత్రునికి జవాబు

నమస్కారమండీ. ఉద్యోగంలో చేరిన తొలి ఏడాదే అమ్మానాన్నలను రప్పించి, ఈద్ సెలవుల్లో ఈజిప్టు చూపించాలనుకోవడం ఎంతో సంతోషం. మీరు రాసిన హోటళ్లన్నీ స్టార్ల లెక్కనూ ఫొటోలనూ చూసి ఎంచుకున్నట్లున్నాయి. పెద్దవాళ్లతో వెళ్లేటప్పుడు, హోటల్ గుమ్మం దాటితే నడక దూరంలో ఏముందన్నదే మొదట చూడాలి.

నాకు ఈ సంగతి తెలియక, మొదటిసారి పిరమిడ్లున్న గీజాలోనే నాలుగు రాత్రులకు గది తీసుకున్నాను. పిరమిడ్ కనిపించే గది అని చెప్పారు. తీరా వెళితే అది కనిపించేది డాబా మీద నుంచి, డాబాకేమో లిఫ్టు లేదు. మోకాళ్ల నొప్పులతో మా అమ్మ ఒక్క సాయంత్రమే, మెట్టు మెట్టుకూ ఆగుతూ ఎక్కగలిగింది. కైరోలోని ఖాన్ ఎల్ ఖలీలీ బజారుకు వెళ్లివచ్చిన రోజు ట్రాఫిక్‌లోనే పొద్దు గడిచిపోయింది. అందుకని గీజాలో రెండు రాత్రులు చాలు. ఒక ఉదయం పిరమిడ్లు, మరునాడు ఆ పక్కనే 2025 నవంబరులో ప్రారంభమైన గ్రాండ్ ఈజిప్షియన్ మ్యూజియం చూసుకుని, మిగతా రోజులకు కైరోలో నైలు నది నడుమ ఉన్న జమాలెక్ దీవికి మారండి. అక్కడ చెట్ల నీడ, మందుల షాపులు, కూర్చోవడానికి కాఫీ హోటళ్లు అన్నీ దగ్గరలోనే ఉంటాయి. కైరో డౌన్‌టౌన్‌లో అద్దెలు తక్కువే గానీ, పాత భవనాల పై అంతస్తుల్లో నడిచే హోటళ్లు చాలా ఉన్నాయి కనుక లిఫ్టు పనిచేస్తోందో లేదో అడగకుండా డబ్బు కట్టవద్దు.

మీ అమ్మగారు శాకాహారి అన్నారు కదా, 'సియామి' అన్న మాట నేర్చుకోండి. కాప్టిక్ క్రైస్తవులు (ఈజిప్టు స్థానిక క్రైస్తవులు) ఉపవాస దినాల్లో తినే, మాంసమూ గుడ్లూ పాలూ లేని వంటకు అక్కడ వాడే పేరది. కొన్ని ఉపవాసాల్లో చేప తినవచ్చు గనుక ఆ ఒక్కటీ విడిగా అడగాలి. మొలోఖియా చూడడానికి మన ఆకుకూర పులుసులా ఉన్నా, దాన్ని సాధారణంగా కోడి రసంలోనో కుందేలు రసంలోనో వండుతారు. నిశ్చింతగా తినగలిగినది కోషరీ: అన్నం, మసూర్ పప్పు, మాకరోనీ, శనగలు, పైన టమాటా సాస్, కరకరలాడే వేయించిన ఉల్లిపాయలు. పక్కన ఇచ్చే వెల్లుల్లి వెనిగర్ ధారాళంగా పోసుకోవచ్చు. షత్తా అనే కారం మాత్రం గుంటూరు నాలుకైనా చుక్క చుక్కగానే వేసుకోవాలి. జనం నిలబడి కొంటున్న కోషరీ కొట్టులో తింటే, అప్పుడే వండినది వేడివేడిగా దొరుకుతుంది.

కాస్త పెద్ద రెస్టారెంట్లలో మెనూ అడుగున చిన్న అక్షరాలు చదవండి. 12 శాతం సర్వీసు, దాని మీద 14 శాతం పన్ను కలిస్తే 100 ఈజిప్టు పౌండ్ల వంటకం బిల్లులో సుమారు 128 అవుతుంది. అయినా వడ్డించినవారి చేతిలో కొంత పెట్టడం అక్కడి మర్యాద.

ఇక బార్ల సంగతి. మద్యం అక్కడ చట్టబద్ధమే. హోటళ్లలో, లైసెన్సున్న రెస్టారెంట్లలో, కైరో డౌన్‌టౌన్‌లోని కొన్ని పాత బార్లలో దొరుకుతుంది. స్టెల్లా, సక్కారా స్థానిక బీర్లు. సీసా మూత మీ ముందే తీయించుకోండి. విదేశీ పేర్లను పోలిన లేబుళ్లతో అమ్మే చవక విస్కీ, వోడ్కాల జోలికి అసలు పోవద్దు. ఈద్‌కు ముందే బయలుదేరితే రంజాన్ నెల నడుస్తుంటుంది. అప్పుడు చాలా బార్లు మూసేస్తారు, విదేశీయులకు పెద్ద హోటళ్లే దిక్కు. తిరుగు ప్రయాణంలో డ్యూటీ ఫ్రీ షాపులో ఒక్క సీసా కూడా కొనకండి. కువైట్‌లోకి మద్యం తేవడం నేరం. దాని వల్ల ఉద్యోగానికీ ఇకామాకూ (అక్కడి నివాస అనుమతికీ) ముప్పు వస్తుంది.