పంటు భయానికి హిప్నోథెరపీ: నాలుగు సెషన్లే ఉన్నాయి, ఎలా నడపాలి?

రేవుపక్క కౌన్సిలర్:

నమస్కారమండి. క్లయింటు ముప్పై దాటిన టీచరమ్మ. ఇల్లు సఖినేటిపల్లి వైపు, బడి నరసాపురంలో. గోదావరి దాటించే పంటు (జనాన్ని, బళ్ళని ఎక్కించుకునే పెద్ద పడవ) రేవుకి గట్టిగా కొట్టుకున్న రోజు నుంచి ఎక్కలేకపోతున్నారు. చించినాడ వంతెన మీదుగా చుట్టు తిరిగి వెళ్తున్నారు. డాక్టరు చూసి ఆయాసం, థైరాయిడ్, కళ్ళు తిరగడం ఏమీ లేవన్నారు. బడులు తెరిచేలోగా నాలుగు సెషన్లే కుదురుతాయి. మామూలు రిలాక్సేషన్ స్క్రిప్టు చదివితే సగంలోనే కళ్ళు తెరిచి "ఊపిరాడట్లేదండీ" అంటున్నారు. "పూనకం వచ్చినట్టు ఒళ్ళు తెలీకుండా పోతానా?" అని బెంగ కూడా. ఆవిడ స్థిమితంగా కూర్చుని చేసే పని లేసు అల్లిక ఒక్కటే. ఎక్కడ మొదలుపెట్టమంటారు?

గట్టుమీది సైకాలజిస్ట్:

ముందు ఆ స్క్రిప్టు తీసి ఒక్కో మాటా చూడండి. ఇంగ్లీషులోంచి దించినవాటిలో "ఇంకా లోతుకి వెళ్తున్నారు", "ప్రశాంతతలో మునిగిపోతున్నారు", "ఒళ్ళు తేలిపోతోంది" తప్పకుండా ఉంటాయి. ఏరంటే హడలిపోయే మనిషికి కళ్ళు మూయించి లోతు, మునగడం అంటే ఇంకేం తడుతుంది? ఊపిరాడకపోవడంలో వింత లేదు. "లోతుకి" తీసేసి "ఇంకాస్త నిదానంగా" అనండి. "మునిగిపోండి" ఉన్నచోట "కుదురుకోండి", "తేలిపోతోంది" ఉన్నచోట "కుర్చీకి ఆనుకుంది" పెట్టండి. సముద్రపు ఒడ్డు, పడవ, కొలను మొత్తం కొట్టేయండి.

మొదటి సెషన్‌లో హిప్నాసిస్ వద్దు. ఇరవై నిమిషాలు పూనకం గురించే మాట్లాడండి. మాటలన్నీ వినపడతాయి, వద్దనుకుంటే ఎప్పుడైనా కళ్ళు తెరవచ్చు, ఇష్టంలేని పని ఎవరూ చేయించలేరు. స్టేజీ మీద చూసిందాన్ని, వశీకరణాన్ని దీంతో కలిపి భయపడుతుంటారు, అదీ విడమర్చండి. తర్వాత భయాన్ని 0 నుంచి 10 వరకు కొలిపించి మెట్లు రాయించండి. ఫోన్‌లో రేవు ఫోటో 2, పంటు ఇంజను చప్పుడు 4, రేవులో నిలబడటం 5, ఆగి ఉన్న పంటు ఎక్కి దిగడం 7, తోడుతో దాటడం 8, ఒంటరిగా 10. ఈ అంకెలు ఆవిడే వేయాలి, మీరు కాదు. చివర్లో ఒక్క ప్రశ్న: "భయం తగ్గిందని మీ ఇంట్లో అందరికంటే ముందు ఎవరు పసిగడతారు, ఏం చూసి?" జవాబులో దొరికే చిన్న పని, అంటే ముందురోజు రాత్రే చీర తీసి పెట్టుకోవడం లాంటిది, తర్వాత హిప్నాసిస్‌లో చెప్పే సూచనల్లో పనికొస్తుంది.

రెండో సెషన్‌కి లేసు సూది, దారం తెమ్మనండి. క్లయింటు తెచ్చుకున్నదాన్నే వాడుకోవడం హిప్నోథెరపీలో పేరుపడ్డ అమెరికన్ సైకియాట్రిస్టు మిల్టన్ ఎరిక్సన్ (1901–1980) పద్ధతికి ప్రాణం. మీ చేతిలో అంతకంటే మంచి సాధనం లేదు. చూపు సూది కొనమీద. ఊపిరి వదిలినప్పుడల్లా ఒక గొలుసు. ఇరవై గొలుసులు లెక్కపెట్టేసరికి చేతులు వాటంతటవే నెమ్మదిస్తాయి. అప్పుడు "కళ్ళు మూయండి" అని ఆజ్ఞలా అనకండి. "రెప్పలు బరువనిపిస్తే వాల్చుకోవచ్చు, తెరిచి ఉంచినా పనవుతుంది" అనండి. మూతపడ్డాక 10 నుంచి 1 దాకా, అంకెకో ఊపిరి.

కుదురు బాగా చిక్కినప్పుడు సూది పట్టుకున్నట్టుగానే బొటనవేలు, చూపుడువేలు ఆనించమనండి. అది సడలకముందే వేళ్ళు విడిపించాలి. ఆలస్యమైతే వేళ్ళకి సడలినదే ముడిపడుతుంది. అయిదారుసార్లు చేయించండి. ఆ తర్వాత కింది మెట్టు నుంచి ఊహ. మెట్టుకి 20–30 సెకన్లు. భయం 4 దాటితే ఎడమ చూపుడువేలు ఎత్తమనండి, వెంటనే అల్లికలోకి తిప్పండి, 2కి దిగాక మళ్ళీ అదే మెట్టు. పంటు దగ్గర మాట ఇలా ఉంటే చాలు: "మీ పాదాలు పలకల మీద ఆనుకుని ఉన్నాయి. ఇంజను చప్పుడు వినపడుతోంది. అవతలి గట్టు కనపడుతోంది." "భయపడకండి" అన్నారో, భయం అన్న మాటే చెవిలో పడుతుంది.

లేపేటప్పుడు 1 నుంచి 5, తొందర లేకుండా. కాళ్ళూ చేతులూ కదిలించి, పేరు, ఇవాళ ఏ వారమో అడగండి. పది నిమిషాలు కూర్చోబెట్టాకే స్కూటీ ఇవ్వండి.

లంకగాలి:

పై పద్ధతి బాగుందండీ, అయితే ఒక ప్రమాదం ఉంది. ఊహలో 10వ మెట్టు హాయిగా ఎక్కేసి రేవులో కాలు పెట్టలేని వాళ్ళు చాలామంది. నిజం దాటడాన్ని నాలుగో సెషన్‌కి నెట్టకండి, మూడో సెషన్ రేవులోనే పెట్టుకోండి.

దాటడానికి పట్టేది కొద్ది నిమిషాలు. భయం పైకెక్కి దిగేలోపే అవతలి రేవు వచ్చేస్తుంది, "దిగేశాను కాబట్టి బతికాను" అనే మనసులో ఉండిపోతుంది. అందుకే ఒక్కసారి దాటించి వదలకూడదు. వెంటవెంటనే మూడు నాలుగు సార్లు అటూ ఇటూ, ప్రతిసారీ అంకె చెప్పిస్తూ, కనీసం సగానికి తగ్గేదాకా. కళ్ళు తెరిచే ఉండాలి. కళ్ళు మూసుకోవడం, ఫోన్ చూడటం, ఇనప కమ్మీ పట్టుకు వేలాడటం లాంటివి చేస్తే భయం అలాగే ఉండిపోతుంది. వేళ్ళు ఆనించే చిట్కా కూడా మొదటి రెండుసార్లకే. అదే ఊతకర్ర అయిపోకూడదు. వారంలోపు ఒంటరిగా మళ్ళీ వెళ్ళకపోతే సంపాదించింది జారిపోతుంది.

ఇంకోమాట. వరద రోజుల్లో ఏటి భయం జబ్బు కాదు. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి చేరితే మొదటి హెచ్చరిక ఇస్తారు. అలాంటప్పుడు, జనం కిక్కిరిసినప్పుడు, లైఫ్ జాకెట్ లేనప్పుడు ఎక్కకపోవడమే తెలివి. ఈ జాగ్రత్త ఆవిడకి మిగలాలి. "ఎప్పుడూ, ఏ పరిస్థితిలోనూ భయం ఉండదు" లాంటి సూచన మాత్రం ఇవ్వకండి.

మందులబ్బాయి:

మొదలెట్టే ముందు తేల్చుకోవలసినవి. లేని మాటలు వినపడటం, ఉన్మాద దశ, ప్రస్తుతం చనిపోవాలన్న ఆలోచన, అదుపులో లేని మూర్ఛ, వీటిలో ఏదున్నా హిప్నాసిస్ పక్కనపెట్టి సైకియాట్రిస్టు దగ్గరికి పంపండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 నంబరు కూడా క్లయింటు చేతిలో పెట్టండి.

"చిన్నప్పుడేమైనా జరిగిందేమో వెనక్కి వెళ్దాం" అని తవ్వకండి. హిప్నాసిస్‌లో పుట్టిన జ్ఞాపకం కూడా నిజమైనదానిలాగే గట్టిగా అనిపిస్తుంది, అందులో కల్పితమేదో ఎవరూ విడదీయలేరు. ఆ పంటు గుద్దుకున్న రోజు చాలు.

మధ్యలో ఏడుపు ముంచుకొస్తే గబగబా 5 లెక్కపెట్టకండి, హఠాత్తుగా ముట్టుకోకండి. పేరు పెట్టి పిలిచి, కళ్ళు తెరిపించి, గదిలో అయిదు వస్తువులు చెప్పించండి. పాదాలు నేలకి నొక్కమనండి. ఆ రోజుకి ఊహ ఆపేయాలి.

రేవుపక్క కౌన్సిలర్:

చాలా ఉపయోగపడిందండి. కాలవ లాకుల్లో నీళ్ళు వదిలితే పడవ మెల్లగా దిగినట్టు అనే పోలిక వాడదామనుకున్నాను, ఇక మానేస్తాను. ఒక సందేహం: ఇంట్లో వినడానికి రికార్డింగ్ ఇవ్వచ్చా?

గట్టుమీది సైకాలజిస్ట్:

లాకుల పోలిక చక్కనిదేనండి, నిద్రపట్టని కాలవగట్టు రైతుకి దాచుకోండి.

రికార్డింగ్ ఇవ్వండి, 10–12 నిమిషాలకి మించకుండా. రెండో సెషన్‌లో ఆవిడకి నప్పిన మాటలే మీ గొంతుతో. చివర 1 నుంచి 5 లెక్క తప్పకుండా ఉండాలి, లేకపోతే మగతగానే లేస్తారు. సాయంత్రం ఒకసారి, కూర్చుని. పడుకుని వింటే నిద్రపోతారు, సాధన కాదు. స్కూటీ మీద ఇయర్‌ఫోన్లతో వినకూడదని రికార్డింగ్ మొదట్లోనే చెప్పండి. రేవులో మాత్రం వినిపించకండి, అక్కడ ఇంజను చప్పుడే వినాలి.