దేవరకొండ దగ్గర 400 అడుగుల బోరు: గిరకలతో మోటరు తీయాలి, కింది గిరక ఎక్కడ కట్టాలి?

బోరు బండి వచ్చే బాట లేదు, చుట్టూ బత్తాయి చెట్లు. మూడు కాళ్ల స్టాండు, రెండేసి చక్రాల గిరకలు రెండు, మోకుతోనే తీయాలి.

బరువు లెక్క ఇది. ఒకటిన్నర అంగుళం జీఐ పైపులు 20, ఒక్కోటి దాదాపు 22 కిలోలు, అంటే 440. పంపు మీది వాల్వు నీళ్లు కిందికి దిగకుండా ఆపితే పైపుల్లో ఇంకో 165 లీటర్లు. మోటరు, పంపు, కేబుల్ కలిపి 100. మొత్తం సుమారు 700 కిలోలు.

నాలుగు వరసల మోకుకు 175 కిలోలు లాగితే చాలనిపిస్తుంది గానీ, చక్రానికి పదో వంతు రాపిడికి పోతే 220 కావాలి. 20 అడుగుల పైపు లేవాలంటే 80 అడుగుల మోకు గుంజాలి. లాగుడు కూడా స్టాండు మీదే పడుతుంది కాబట్టి తల మీద 920 కిలోలు.

అసలు అనుమానం ఇక్కడ. మోకును పక్కకు తిప్పే కింది గిరకను స్టాండు కాలు మొదట్లో కట్టాలా, విడిగా గూటం దిగేసి కట్టాలా? మోకు అక్కడ మూల తిరుగుతుంది కాబట్టి ఆ గిరక రాపిడి కూడా కలిపితే 330 కిలోల దాకా గుంజుతుంది. కాలికి కడితే కాలు లేస్తుందేమో. మొరం నేల పైన ఒక అడుగే, కింద రాయి, గూటం లోతుకు దిగదు. మూడు కాళ్లనూ గొలుసుతో కలిపి బిగిస్తే సరిపోతుందా?

ఇంకొకటి, బుష్ (ఇరుసు చుట్టూ ఉండే లోపలి రింగు) అరిగిన పాత గిరకలకు పదో వంతు రాపిడి చాలా తక్కువ లెక్కా? పైపు కేసింగులో పట్టేస్తే ట్రాక్టరుతో లాగేది లేదు. చేసినవాళ్లు కొలతలతో చెప్పండి.