తెలుగు శాఖలో చదువుకోవడానికి సమయం ఎక్కడిది?

ప్రశ్న (గుంటూరు నుంచి, సహాయాచార్యుడు):
యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) 2018 నిబంధనల ప్రకారం నాకు వారానికి 16 గంటల ప్రత్యక్ష బోధన ఉంది. దానికి జవాబుపత్రాలు దిద్దడం, కళాశాలలకు గ్రేడు ఇచ్చే నాక్ సంస్థకు దస్త్రాలు సిద్ధం చేయడం, నలుగురు పరిశోధక విద్యార్థుల అధ్యాయాలు చూడడం తోడయ్యేసరికి, ఒక ప్రబంధాన్ని తీరిగ్గా చదివి ఏడాది దాటింది. మీరంతా ఎలా నెట్టుకొస్తున్నారు?

జవాబు (విజయవాడ, విశ్రాంత ఆచార్యుడు):
నలుగురంటే మీ హోదాకు గరిష్ఠ పరిమితి. కనీసం ఇద్దరు పట్టా అందుకునేవరకు కొత్తవారిని చేర్చుకోకండి. మొహమాటానికి పోతే మీ సెలవులన్నీ వారి అచ్చుతప్పులకే సరిపోతాయి. నేను ఏటా వేసవిలో వేటపాలెం సారస్వత నికేతనంలో వారం రోజులు కూర్చునేవాణ్ణి. 1918లో మొదలైన ఆ గ్రంథాలయంలోని పాత పత్రికలే నా వ్యాసాలలో చాలావాటికి ముడిసరుకు.

జవాబు (తెనాలి, అతిథి అధ్యాపకురాలు):
మాస్టారూ, వేసవిలో మీకు జీతం వచ్చేది. మాకు చెప్పిన గంటలకే డబ్బు, అదీ రెండు మూడు నెలలు ఆలస్యంగా. వేటపాలెం వెళ్లాలనే ఉంది కానీ, వేసవి రెండు నెలలూ ట్యూషన్లు చెబితేనే ఇంటి అద్దె గడుస్తుంది.

ప్రశ్నించినవారు:
నిజమే, అమ్మా, నా ఇబ్బంది మీదానికంటే చిన్నది. వేటపాలెం కాకపోయినా, మా గుంటూరు బృందావన్ గార్డెన్స్‌లోని అన్నమయ్య గ్రంథాలయంలో వారానికొక పూటైనా కూర్చుంటాను, ఫోను ఇంట్లో వదిలేసి.