రోమ్‌కు తొలిసారి, నాలుగు రాత్రులు: ఏది ముందు బుక్ చేసుకోవాలి?

ప్రశ్న

నవంబరు రెండో వారంలో హైదరాబాద్ నుంచి రోమ్ వెళ్దామనుకుంటున్నాం. శనివారం మధ్యాహ్నం దిగుతాం, బుధవారం పొద్దున తిరుగు విమానం. నేను, మా ఆవిడ, మా అమ్మ (66 ఏళ్ళు). అమ్మకు మోకాళ్ళ నొప్పులు. శాకాహారి, గుడ్డు కూడా ముట్టదు. ముగ్గురికీ యూరప్ ఇదే మొదటిసారి. కొలోసియం, వాటికన్ తప్పక చూడాలి, మిగతావి వీలునుబట్టి. ఒక రోజు ఫ్లోరెన్స్ కూడా వెళ్ళొద్దామా అనే ఆలోచన ఉంది. వీసాకు ఎప్పుడు పెట్టాలి, ఏ టికెట్లు ముందే కొనాలి, బస ఎక్కడైతే నయం? తెలిసినవాళ్ళు చెప్పగలరు.

జవాబు

ఫ్లోరెన్స్ ఈసారికి వదిలేయండి. వేగం రైలులో గంటన్నరే అయినా, స్టేషన్‌కు చేరడం, రావడం కలిపితే రోజంతా దానికే పోతుంది. మీకు చేతిలో ఉన్న పూర్తి రోజులు ఆది, సోమ, మంగళ. ఈ మూడింటినీ వారాన్ని చూసి పంచుకోవాలి. చాలామంది ప్లాన్ దెబ్బతినేది ఇక్కడే.

వాటికన్ మ్యూజియంలకు ఆదివారం సెలవు. నెలలో చివరి ఆదివారం మాత్రం మధ్యాహ్నం దాకా ఉచితం, ఆ రోజు రద్దీ విపరీతం. బుధవారం పొద్దున పోప్ దర్శన సభ ఉంటే సెయింట్ పీటర్స్ చర్చిలోకి మధ్యాహ్నం దాకా పోనివ్వరు. బోర్గీస్ గ్యాలరీకి సోమవారం సెలవు. కాబట్టి కొలోసియం ఆదివారం, వాటికన్ మంగళవారం పెట్టుకోండి. సోమవారం కూడా వాటికన్ తెరిచే ఉంటుంది కానీ, ఆదివారం చూడలేకపోయినవాళ్ళంతా ఆ రోజే వస్తారు.

కొలోసియం టికెట్లు అధికారిక సైటులో సందర్శన తేదీకి 30 రోజుల ముందు తెరుస్తారు. మామూలు టికెట్ 18 యూరోలు, పక్కనే ఉన్న ఫోరమ్ (పాత రోమన్ శిథిలాలు), పాలటైన్ కొండ అందులోనే. 24 గంటలు చెల్లుతుంది. టికెట్ మీద పేరు ఉంటుంది, గేటు దగ్గర పాస్‌పోర్టుతో పోల్చి చూస్తారు. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంటే టికెట్‌లోనూ పూర్తిగా రాయండి, మనకు అలవాటైన పొట్టి అక్షరం పెట్టొద్దు. టికెట్లు తెరిచిన రోజే కూర్చుని కొనాలి. ఉదయం స్లాట్లు ముందు అయిపోతాయి. అవి దొరకనివాళ్ళకు మధ్యవర్తులు రెండు మూడు రెట్లకు అమ్ముతారు. యంత్రాలతో టికెట్లు మూకుమ్మడిగా కొనేసిన వ్యవహారంలో 2025 ఏప్రిల్‌లో ఇటలీ పోటీ నియంత్రణ సంస్థ దాదాపు 2 కోట్ల యూరోల జరిమానాలు వేసింది. సమస్య ఎంత పెద్దదో దాన్నిబట్టి అర్థం చేసుకోండి.

నవంబరులో కొలోసియం సాయంత్రం నాలుగున్నరకే మూస్తారు, ఆఖరి ప్రవేశం మూడున్నరకు. పొద్దు గూకడం కూడా అయిదు లోపే. తొమ్మిదిన్నర, పది స్లాట్ తీసుకుంటే మిగతా రోజు మీ చేతిలో ఉంటుంది.

వాటికన్ మ్యూజియంల టికెట్ 20 యూరోలు, ఆన్‌లైన్‌లో ముందే తీసుకుంటే ఇంకో 5. ఆ అయిదు యూరోలకు మొహమాటపడొద్దు, లేకపోతే గోడ వెంబడి క్యూలో గంటలు నిలబడాలి.

జవాబు

వీసా సంగతి. షెంగెన్ వీసాకు (ఇటలీతో పాటు చాలా యూరప్ దేశాలకు చెల్లే ఒకే వీసా) ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి పెట్టుకోవచ్చు, ఎంత ఆలస్యమైనా 15 రోజుల ముందు పెట్టాలి. నిర్ణయానికి మామూలుగా 15 రోజులు, ఒక్కోసారి 45 దాకా లాగుతారు. మీరు ఆగస్టులోనే దాఖలు చేసేలా చూసుకోండి. అపాయింట్‌మెంట్ దొరకడమే పెద్ద పని, కాబట్టి స్లాట్ల కోసం జూన్ నుంచే చూస్తూ ఉండండి. ఇటలీ దరఖాస్తులు హైదరాబాద్ వీఎఫ్‌ఎస్ (వీసా దరఖాస్తులు తీసుకునే సంస్థ) కేంద్రంలోనే ఇవ్వొచ్చు. వేలిముద్రల కోసం ముగ్గురూ స్వయంగా వెళ్ళాలి. రుసుము పెద్దవాళ్ళకు 90 యూరోలు, రూపాయల్లో కడతారు, పైన కేంద్రం సేవా రుసుము వేరే.

కాగితాల్లో ఎక్కువగా బెడిసేవి ఇవి. బీమా కనీసం 30,000 యూరోలది, షెంగెన్ దేశాలన్నిటికీ వర్తించేది, దిగే రోజు నుంచి బయల్దేరే రోజు దాకా పూర్తిగా కవరయ్యేది కావాలి. ఒక రోజు తగ్గినా కుదరదు. హోటల్ బుకింగ్‌లో ముగ్గురి పేర్లూ ఉండాలి, ఒక్కరి పేరే ఉంటే మిగతావాళ్ళ బస ఎక్కడని అడుగుతారు. బ్యాంకు ఖాతాలో దరఖాస్తుకు ముందు ఒక్కసారిగా పెద్ద మొత్తం వేయకండి. జీతం, ఖర్చులు సహజంగా కనబడే స్టేట్‌మెంటే మేలు. వేయక తప్పకపోతే ఆ డబ్బు ఎక్కడిదో చూపే కాగితం జతచేయండి. అమ్మగారి ఖర్చు మీరే పెట్టుకుంటున్నట్టయితే ఆ మేరకు ఒక లేఖ, బంధుత్వం రుజువు, మీ ఐటీ రిటర్నులు ఆవిడ ఫైలులో కూడా పెట్టాలి. ఎవరి ఫైలు వాళ్ళదే, మీ దాంట్లో ఉంది కదా అంటే చెల్లదు.

రూటు ఎంచుకునేటప్పుడు ఒకటి గమనించండి. దోహా, దుబాయ్ మీదుగా వెళ్తే ఇమిగ్రేషన్ రోమ్‌లో. ఫ్రాంక్‌ఫర్ట్ లేదా ఆమ్‌స్టర్‌డామ్‌లో మారితే అక్కడే. 2025 అక్టోబరు 12 నుంచి యూరప్ సరిహద్దుల్లో కొత్త కంప్యూటర్ నమోదు పద్ధతి మొదలైంది. పాస్‌పోర్టు మీద ముద్రకు బదులు ఫోటో తీసి వివరాలు ఎక్కిస్తారు. మొదటిసారి వచ్చేవాళ్ళకు టైం పడుతుంది. ఫ్రాంక్‌ఫర్ట్, ఆమ్‌స్టర్‌డామ్‌లలో మారేటట్టయితే రెండున్నర గంటలకు తక్కువ వ్యవధి ఉన్న కనెక్షన్ తీసుకోవద్దు.

ప్రశ్న

చాలా థాంక్సండీ. టెర్మినీ స్టేషన్ పక్కన హోటళ్ళు చవగ్గా కనిపిస్తున్నాయి. ఎయిర్‌పోర్ట్ రైలు కూడా అక్కడికే వస్తుంది కదా, అదే తీసుకోవచ్చా? అమ్మ ఎంత నడవాల్సి వస్తుంది?

జవాబు

ముగ్గురు కాబట్టి లెక్క మారుతుంది. లియొనార్డో ఎక్స్‌ప్రెస్ రైలు ఫ్యుమిచీనో విమానాశ్రయం నుంచి టెర్మినీకి 32 నిమిషాలు, మనిషికి 14 యూరోలు, అంటే 42. అక్కడి నుంచి పెట్టెలతో మళ్ళీ నడక. తెల్లరంగు అధికారిక టాక్సీకి పాత నగర గోడల లోపల ఎక్కడికైనా స్థిర ధర 55 యూరోలు, సామాను కలిపి. పదమూడు యూరోల తేడాకు అమ్మగారిని హోటల్ గుమ్మం ముందు దించుతారు. ఎక్కే ముందే "తారిఫ్ఫా ఫిస్సా" (స్థిర ధర) అని అడిగి ఖాయం చేసుకోండి. అరైవల్స్ హాల్లో దగ్గరికొచ్చి "టాక్సీ, టాక్సీ" అనేవాళ్ళ వెంట వెళ్ళకండి, బయట వరసలో నిలబడి ఎక్కండి.

బస విషయంలో మీకు ప్రాతి అనే పేట అనుకూలం. వాటికన్‌కు ఆనుకునే ఉంటుంది, నేల చదును, కాలిబాటలు వెడల్పు, మెట్రో ఎ లైనులో లెపాంతో, ఒత్తావియానో స్టేషన్లున్నాయి. ప్రాతి పాత గోడలకు బయట ఉంది కాబట్టి ఆ 55 ధర మీ హోటల్ వీధికి వర్తిస్తుందో లేదో డ్రైవర్‌ను ముందే అడగండి, మీటర్ మీద కొంచెం ఎక్కువ కావచ్చు. టెర్మినీ చుట్టుపక్కల చవకే, రైళ్ళకు దగ్గరే, కానీ రాత్రిపూట కొన్ని వీధులు ఇబ్బందిగా ఉంటాయి. ఎక్కడ తీసుకున్నా హోటల్‌కు రాసి రెండు సంగతులు కనుక్కోండి: లిఫ్ట్ వీధి స్థాయి నుంచే ఉందా, లేక అయిదారు మెట్లెక్కాక మొదలవుతుందా, షవర్ తొట్టి అంచు ఎంత ఎత్తు. పాత భవనాల్లో ఈ రెండే మోకాళ్ళను ఏడిపిస్తాయి.

హోటల్ బిల్లుకు తోడు నగర పన్ను విడిగా ఉంటుంది. మూడు నక్షత్రాల హోటల్లో మనిషికి రాత్రికి 6 యూరోలు. మీకు 3 × 4 × 6 = 72 యూరోలు. బుకింగ్ సైటులో ముందే కట్టినా ఇది అక్కడ కట్టాల్సిందే.

ఇక నడక. రోమ్ వీధుల్లో పరిచిన నల్లరాళ్ళు ఎగుడుదిగుడు, వాన పడితే జారతాయి. నవంబరు వానల నెల. చెప్పులు వద్దు, పట్టున్న అడుగుభాగంతో, ఇంట్లో రెండు వారాలు వాడి అలవాటైన బూట్లు కావాలి. కొలోసియంలో లిఫ్ట్ ఉంది, మోకాళ్ళ సమస్య చెబితే వాడుకోనిస్తారు. ఫోరమ్ మాత్రం అమ్మగారికి కష్టం. పాత రోమన్ రాళ్ళ దారి, పాలటైన్ అయితే ఎక్కుడు. ఆవిడకు కాంపిదోల్యో (ఫోరమ్ పక్కని కొండ) వెనక తిన్నె మీది నుంచి ఫోరమ్ మొత్తం ఉచితంగా కనబడుతుంది, పైదాకా టాక్సీలో వెళ్ళొచ్చు. మీ ఇద్దరూ కిందికి దిగి చూసి రండి.

వాటికన్ మ్యూజియంలలో చక్రాల కుర్చీ ఉచితంగా ఇస్తారు, గుర్తింపు కార్డు తీసుకెళ్ళండి. సిస్టీన్ చాపెల్ (మైకెలాంజెలో చిత్రాలున్న ప్రార్థనాలయం) చేరేసరికి చాలా దూరం నడిపిస్తారు కాబట్టి, అక్కర్లేదని ఆవిడ అన్నా తీసుకోండి.

జవాబు

పైన చెప్పినదానికి ఒక సవరణ. మంగళవారం ముందు మ్యూజియం, తర్వాత సెయింట్ పీటర్స్ చర్చి అనుకుంటారు అందరూ. తిప్పేయండి. చర్చి ఉదయం ఏడుకే తెరుస్తారు, ప్రవేశం ఉచితం, సెక్యూరిటీ క్యూ తొమ్మిది దాటాకే పెరుగుతుంది. ఏడున్నరకు చర్చి, తర్వాత కాఫీ, పదికి మ్యూజియం. సిస్టీన్ చాపెల్ నుంచి చర్చిలోకి ఉన్న అడ్డదారి గైడు బృందాలకే. మామూలు టికెట్‌వాళ్ళు బయటి గోడ చుట్టూ పావుగంట, ఇరవై నిమిషాలు నడవాలి. గోపురం మీదికి 551 మెట్లు, లిఫ్ట్ ఎక్కినా ఇంకా 320 మిగులుతాయి. అమ్మగారికి వద్దు. భుజాలు, మోకాళ్ళు కప్పే బట్టలుండాలి, చీర, చుడీదార్‌లకు ఇబ్బంది లేదు.

సోమవారం పాంథియన్ (పాత రోమన్ గుడి), నవోనా చౌకు, ట్రెవీ ఫౌంటెన్. పాంథియన్ టికెట్ 5 యూరోలు. ట్రెవీలో 2026 ఫిబ్రవరి నుంచి తొట్టి దగ్గరికి దిగడానికి 2 యూరోలు పెట్టారు, పై నుంచి చూస్తే ఉచితం. స్పానిష్ మెట్ల మీద కూర్చుంటే జరిమానా (2019 నుంచి నిషేధం), అమ్మగారికి ముందే చెప్పి ఉంచండి. వీధి కుళాయిల నీళ్ళు చల్లగా, శుభ్రంగా ఉంటాయి, ఒక సీసా సరిపోతుంది.

ప్రశ్న

అమ్మ తిండి సంగతి ఎవరైనా చెప్పండి. పచ్చళ్ళు తీసుకెళ్ళొచ్చా?

జవాబు

పచ్చళ్ళు, పొడులు, అటుకులు తీసుకెళ్ళొచ్చు, మూత ఊడకుండా రెండు సంచుల్లో చుట్టి చెక్-ఇన్ సామానులో పెట్టండి. నెయ్యి, పాలకోవా, పెరుగు, మాంసం వద్దు. పాలు, మాంసం ఉత్పత్తులు ప్రయాణికులు బయటి దేశాల నుంచి యూరోపియన్ యూనియన్‌లోకి తేకూడదు. పచ్చి కరివేపాకు, పండ్లకు కూడా మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం కావాలి.

హోటల్లో పాస్తా అడిగేటప్పుడు గుడ్డు గుర్తుంచుకోండి. ఎండు పాస్తాలో (స్పఘెట్టి, పెన్నె) మామూలుగా గుడ్డు ఉండదు. తాజాగా చేసిన ఫెట్టుచ్చీనె, తాల్యతెల్లె, రవియోలీలలో సాధారణంగా ఉంటుంది. పొమొదోరో (టమాటా), అరబ్యాతా (టమాటా, మిరప), ఆల్యో ఒల్యో (వెల్లుల్లి, నూనె) అడగండి. అరబ్యాతా కారంగా ఉంటుంది, ఆవిడకు నచ్చవచ్చు. అమత్రిచాన, కార్బొనారాలలో పంది మాంసం. కచో ఎ పెపెలో మాంసం కనబడదు గానీ, అందులోని పెకొరీనో చీజ్ గొర్రెపిల్ల కడుపు నుంచి తీసిన పదార్థంతో విరగ్గొడతారు, అమ్మగారు ఆ పట్టింపు ఉన్నవారైతే అదీ వద్దు.

చీజే లేని పిజ్జా మారినారా, పైన టమాటా, వెల్లుల్లి. ముక్కలుగా తూకానికి అమ్మే చోట పిజ్జా రోస్సా అడగండి. నపోలీ పిజ్జాలో చేప ఉంటుంది. గుమ్మడి పువ్వు బజ్జీ చూడటానికి శాకమే, లోపల చేప ముక్క పెడతారు. ఆర్డర్ ఇచ్చేటప్పుడు "సెన్జా కార్నె, సెన్జా పెషే, సెన్జా ఉవోవా" అనండి: మాంసం, చేప, గుడ్లు లేకుండా అని. రాత్రి వంటశాలలు ఏడున్నరకు గానీ తెరవరు. ఆవిడ ఏడుకే తినేవారైతే మధ్యాహ్నమే ఒక పార్సిల్ తీసిపెట్టుకోండి. అన్నం పప్పు కావాలంటే టెర్మినీ దగ్గరి ఎస్క్విలీనోలో, విత్తోరియో చౌకు చుట్టూ ఉపఖండంవాళ్ళ దుకాణాలు, భోజన హోటళ్ళు ఉన్నాయి.

కార్డు యంత్రం రూపాయల్లో కడతారా అని అడిగితే యూరోలే నొక్కండి, రూపాయల మార్పిడి రేటు వాళ్ళిష్టం. మెట్రో, బస్సు టికెట్ 1.50 యూరోలు, 100 నిమిషాలు. కార్డు తాకించి ఎక్కొచ్చు, కానీ ఒక్కొక్కరికి ఒక్కో కార్డు ఉండాలి. ఒకే కార్డు మూడుసార్లు తాకిస్తే ముగ్గురికీ టికెట్ ఉన్నట్టు కాదు. టెర్మినీ నుంచి వాటికన్ వైపు వెళ్ళే 64 నంబరు బస్సులో పాస్‌పోర్టు లోపలి జేబులో, చెయ్యి దాని మీద.